మూడో గేరు కోసం కొన్న కారు

ఈ కారు ఎలా ఉందని ఎవరడిగినా నేను ముందు మూడో గేరు గురించే మొదలుపెడతాను. మా ఆవిడైతే నేను నోరు తెరవగానే "మూడో గేరు పురాణం మొదలైంది" అంటూ లోపలికి వెళ్ళిపోతుంది. అయినా ఇక్కడ కూడా అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. ఎయిర్‌బ్యాగులెన్ని, డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయి లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి.

బండి 2017 ఫోర్డ్ ఆస్పైర్, 1.5 డీజిల్. 2021 చివర్లో మీటరు మీద 62 వేల కిలోమీటర్లు ఉండగా కొన్నాను. ఇప్పుడు 1,28,000 దాటింది. మాది కోనసీమలో అంబాజీపేట పక్కన పల్లె. నేను పాఠాలు చెప్పే బడి ముమ్మిడివరం దగ్గర. రోజూ రానూపోనూ 50 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ.

మా దారులు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పంట బోదె, మధ్యలో రెండు బళ్ళు ఒద్దికగా తప్పుకునేంత తారు. ముందు కొబ్బరి డొక్కలు నింపుకున్న ట్రాక్టరు పోతుంటుంది. లోడు దాని వెడల్పుకు రెండింతలు. మలుపు తిరిగాక వంద, నూటయాభై గజాలు ఖాళీ దొరుకుతుంది, అంతే. ఆ ఖాళీలో తేల్చుకోవాలి. పాత పెట్రోలు బండితో రెండో గేరుకు దిగి, ఇంజిన్ గోల పెడుతుంటే, ఎదురుగా ఆటో కనిపించి మళ్ళీ వెనక్కి తగ్గేవాణ్ణి. ఇందులో గేరు ముట్టుకోను. మూడులో ఉంచి కాలు నొక్కుతాను. ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగుతుంది. తర్వాత సీటు వీపును మెత్తగా తోస్తుంది. ట్రాక్టరు పక్కనుంచి జరిగి వెనక్కి పోతుంది.

ఇంజిన్ నిమిషానికి 1,750 నుంచి 3,000 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగే మధ్య 215 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, అని కాగితం మీద రాసే సంగతి ఇదే. మూడో గేర్లో మేం రోజూ తిరిగే వేగమంతా ఆ మధ్యలోనే ఉంటుంది. అంకె నాకు తర్వాత తెలిసింది, తోపు ముందు తెలిసింది.

ఎలా కొన్నానంటే, 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అంతకు ఏడాదిన్నర ముందే, బళ్ళ పొగ మీద బీఎస్ 6 నిబంధనలు వచ్చినప్పుడు, మారుతి డీజిల్ కార్లు మానేసింది. చిన్న డీజిల్ కార్లకు కాలం చెల్లిందని అందరూ అంటున్న రోజులు. అమ్మేవాళ్ళకు కంగారు, కొనేవాడికి బేరం. ఒక బ్రోకరు ఢిల్లీ బండి చూపించాడు. నేను అనుకున్నదానికంటే లక్ష తక్కువ. అప్పట్లో అక్కడ పదేళ్ళు నిండిన డీజిల్ బళ్ళు తిరగకూడదు కాబట్టి గడువు దగ్గరపడ్డవి ఇటు వస్తుండేవి. అది తప్పేమీ కాదు గానీ, అక్కడి ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే కాగితం (ఎన్‌వోసీ) తెప్పించుకోవడం, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టడం, నంబరు మార్పించుకోవడం అన్నీ కలిపి లెక్కేస్తే ఆ లక్షలో పెద్దగా మిగిలేదేమీ కనిపించలేదు. పైగా ఆ మీటరు మీద నాకు నమ్మకం కుదరలేదు. వదిలేశాను.

నాది పాలకొల్లులో ఒక రిటైరైన పెద్దాయన దగ్గర దొరికింది. సర్వీసు కాగితాలన్నీ తేదీల వారీగా ఫైల్లో గుచ్చి పెట్టారు. "నడిపి చూడండి మాస్టారూ" అని తాళం ఇచ్చి తను వెనక కూర్చున్నారు. మా బావమరిది నా పక్కన. చించినాడ వంతెన దాకా వెళ్ళాం. వంతెనకు ఎక్కే ఎత్తు మీద, ముందు లారీ ఉండి నెమ్మదించాక, అలవాటుకొద్దీ రెండో గేరు కోసం చెయ్యి వేశాను. వెనక నుంచి ఆయన, "అక్కర్లేదండీ, మూడులోనే ఉంచండి" అన్నారు. ఉంచాను. ముగ్గురు మనుషులతో ఏమాత్రం వణుకు లేకుండా ఎక్కేసింది. వంతెన దిగేటప్పటికే బేరం ఆయన చేతుల్లోకి వెళ్ళిపోయింది. 4,80,000 ఇచ్చాను. గీచి గీచి అడిగితే ఇంకో ఇరవై వేలు తగ్గేదేమో. మా బావమరిది ఇప్పటికీ "బావా, నీ మొహం చూసే ఆయన రేటు దిగలేదు" అంటాడు.

మైలేజీ సంగతికొస్తే, మొదటి ఏడాది అందరికీ లీటరుకు 24 అని చెప్పుకుంటూ తిరిగాను. అది మీటరు చూపించే అంకె. తర్వాత ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెడితే అసలు సంగతి తేలింది. ఏసీ వేసుకుని, స్పీడ్ బ్రేకర్లూ గేదెలూ ఉన్న మా రోడ్ల మీద 19, ఎప్పుడన్నా 20. విజయవాడ వైపు నేషనల్ హైవే మీద 80, 90లో నిలకడగా పోతే 23. కంపెనీ కాగితం మీది 25.83 నాకు ఒక్కసారి కూడా కనపడలేదు. అప్పట్లో నా మాట విని ఆశపడ్డవాళ్ళు క్షమించాలి.

కాకపోతే మాకు యానాం ఉంది. ఎదుర్లంక వంతెన దాటితే పుదుచ్చేరి పన్నులు, డీజిల్ లీటరుకు పది రూపాయల పైనే తక్కువ. ఇంటి నుంచి పనిగట్టుకుని వెళ్తే ఆ లాభంలో చాలావరకు దారిలోనే కాలిపోతుంది. బడి వదిలాక అటు పనుంటే సరే. వారం వారం యానాం వెళ్ళి ఆదా చేస్తున్నానని చెప్పేవాళ్ళు ఆదా కోసమే వెళ్తున్నారని నేననుకోను.

ఇక అసలు కథ 2024 సంక్రాంతిది. భోగికి ముందురోజు మా చెల్లినీ బావగారినీ పిల్లల్నీ రాజమండ్రి స్టేషన్‌లో ఎక్కించుకుని బయల్దేరాను. పండగ రద్దీ. జొన్నాడ దాటి గౌతమి వంతెన మీదికి వచ్చాక, నిదానంగా పోతున్న లారీని దాటదామని మూడో గేర్లో వేసి కాలు నొక్కాను. ఏమీ లేదు. ఇంకా నొక్కాను. తడిసిన మూటను ఈడుస్తున్నట్టు ఉంది బండి. మీటరులో ఇంజిన్ బొమ్మ పసుప్పచ్చగా వెలిగింది. వెనక బస్సువాడు హారను మీద చెయ్యి తియ్యడం లేదు. "ఏమైంది బావా?" అని బావగారు అడిగితే "ఏం లేదు, రద్దీ కదా" అన్నాను. ఏసీలో కూడా చెమట పట్టింది. 60 దాటకుండా, రావులపాలెం, కొత్తపేట మీదుగా, ఆటోలు కూడా నన్ను దాటిపోతుంటే ఇంటికి చేరాం.

మర్నాడు భోగి. మంటల పొగ ఆరకముందే తెరిచి ఉన్న ఒక గ్యారేజీ పట్టుకున్నాను. కుర్రాడు స్కానరు పెట్టాడు. బూస్ట్ ప్రెషర్, అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి, తేడాగా ఉందని కోడ్ వచ్చింది. "ఆయ్, టర్బో పోయిందండి మాస్టారూ. విజయవాడ నుంచి రావాలండి. అన్నీ కలిపి యాభై అయిదు వేలు పెట్టుకోండి." అడ్వాన్సు ఇరవై వేలు అడిగాడు. పండగ మూడు రోజులూ షాపులు తెరవరు కాబట్టి ముక్కనుమ తర్వాతే పని. కనుమనాడు అందరినీ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్తానని చెప్పి ఉన్నాను. చివరికి అందరం ఆటోలో ఇరుక్కుని వెళ్ళాం. దేవుడి పేర అలంకరించి భుజాల మీద మోసే ప్రభలు ఒక్కొక్కటే తోటలోకి వస్తుంటే జనమంతా కేకలు, నా బుర్రలో మాత్రం యాభై అయిదు వేలు. అంత డబ్బు పోసి కొన్నది ఆ తోపు కోసమే, ఇప్పుడు పోయింది కూడా ఆ తోపే.

అడ్వాన్సు పంపేవాణ్ణే. ముక్కనుమనాడు పొద్దున్నే మా చేలో మోటారు చూడ్డానికి వైరింగ్ మేస్త్రి వచ్చాడు. ట్రాక్టర్లకూ లారీలకూ వైరింగు చేసే మనిషి. కాఫీ తాగుతుంటే బండి సంగతి చెప్పాను. ఆయన షెడ్డు వైపు ఒకసారి చూసి, "గడ్డిమేటు ఎప్పుడు వేశారండీ ఇక్కడ?" అని అడిగాడు. నెల కింద, కోతలయ్యాక. "బానెట్ ఎత్తండి."

ఎత్తగానే ముందు వాసన వచ్చింది. ఎలుక మూత్రం వాసన, ఒకసారి తెలిస్తే మర్చిపోరు. బ్యాటరీ పక్క సందులో కొబ్బరి పీచు, ఎండు గడ్డి, ఒక పాలిథిన్ ముక్క కలిపి గుప్పెడంత గూడు. దాని పక్కనే సగం కొరికిన ఎండు కొబ్బరి ముక్క, మా ఇంటిదే. మేస్త్రి టార్చి నోట్లో పెట్టుకుని వైర్ల కట్ట వెంట వేలితో తడుముకుంటూ పోయి ఒకచోట ఆగాడు. బూస్ట్ ప్రెషర్ సెన్సరుకు వెళ్ళే వైర్ల మీద అంగుళం మేర తొక్క లేదు. అందులో ఒక తీగ నాలుగైదు రాగి పోగుల మీద వేలాడుతోంది. వేలితో కదిపితే అంటుకుంటోంది, వదిలితే విడిపోతోంది.

అప్పుడు అర్థమైంది. టర్బో గాలి నింపుతూనే ఉంది, ఎంత నింపుతోందో చెప్పే తీగే తెగింది. లెక్క అందక కంప్యూటరు భయపడి, ఇంజిన్ పాడవకుండా డీజిల్ తగ్గించేసి బండిని నడక స్థాయికి దించింది. స్కానరు చెప్పింది అబద్ధం కాదు. బూస్ట్ లెక్క తేడాగా ఉందని మాత్రమే చెప్పింది, టర్బో పోయిందని చెప్పలేదు. ఆ రెండో మాట మనిషిది. ఆ కుర్రాడు మోసం చేశాడని అనను, పండగ హడావుడిలో బానెట్ కింద టార్చి వెయ్యలేదు అంతే. అయినా ఆ గ్యారేజీకి మళ్ళీ వెళ్ళలేదు.

తీగ అతికి, స్లీవ్ తొడిగి, టేపు చుట్టి, కోడ్ చెరిపించుకుని రమ్మన్నాడు మేస్త్రి. 300 అడిగాడు, 500 ఇచ్చాను. సాయంత్రం ఏటిగట్టు మీదికి తీసుకెళ్ళి మూడో గేర్లో నొక్కాను. తోసింది. మా నాన్న మాత్రం అరుగు మీద కూర్చుని, "ఒరేయ్, ఎలుక వినాయకుడి వాహనం. దానికే నువ్వు వాహనం ఇచ్చావు" అని రెండు రోజులు నవ్వారు.

సార్వా కోతలయ్యాక చేలల్లో ఎలుకలు గట్ల మీదికీ ఇళ్ళలోకీ వస్తాయన్నది ఇక్కడ పుట్టినవాడికి కొత్త కాదు. ఎలుకల బుట్టలు పెట్టించి తోకకు ఇంత అని లెక్కకట్టి ఇచ్చే ఊళ్ళో పెరిగాను. అయినా చేను గుర్తొచ్చింది గానీ కారు గుర్తు రాలేదు. గడ్డిమేటును పెరటి చివరికి మార్చాను. పొగాకు కాడలు పెట్టమన్నారు, పెట్టాను. వారం పనిచేశాయి, తర్వాత ఎలుక వాటి మీదే పెంటికలు వేసింది. ఇప్పుడు కోతల నుంచి మాఘం దాకా రాత్రిళ్ళు బానెట్ ఎత్తి వదిలేస్తాను. చీకటి, వెచ్చదనం లేకపోతే అది కాపురం పెట్టదని మేస్త్రి మాట. అప్పటి నుంచి మళ్ళీ రాలేదు. చూసినవాళ్ళు బండి చెడిపోయిందా అని అడుగుతుంటారు.

తోపు గురించి అంత చెప్పాను కదా, ఒక మాట సవరించుకోవాలి. అది ఒక్కణ్ణే ఉన్నప్పటి సుఖం. అయిదుగురం ఎక్కి డిక్కీలో బియ్యం బస్తా, రెండు గెలల కొబ్బరికాయలు వేస్తే వెనక భాగం కుంగి, మా ఊరి స్పీడ్ బ్రేకరు మీద కింద కర్రుమంటుంది. అప్పుడు మూడో గేరైనా నాలుగో గేరైనా ఒకటే. అమలాపురం బజార్లో సాయంత్రం పూట 1,500 ఆర్‌పీఎం లోపు నత్తనడక, ఒకటీ రెండూ మార్చుకుంటూ క్లచ్ మీద ఎడమ మోకాలు పట్టేస్తుంది. మా ఆవిడ ఈ బండి నడపడానికి ఇష్టపడకపోవడానికి కారణం అదే.

పెద్ద ఖర్చు ఒకటే. ఇందులో టైమింగుకు, అంటే ఇంజిన్ వాల్వులను వేళకు తెరిచి మూయడానికి, చైన్ కాదు, బెల్టు. అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజిన్ మొత్తం పోతుంది. అందుకని పాత కాగితాల్లో మార్చినట్టు కనపడక, 90 వేల దగ్గర ముందుజాగ్రత్తగా మార్పించాను. 14 వేలయింది. స్పేర్లు దొరుకుతున్నాయి గానీ బడ్డీకొట్టులో బిస్కెట్లలా కాదు. ఒక అద్దం కోసం పన్నెండు రోజులు ఆగాను. పక్కన మోటారు సైకిలుంది కాబట్టి సరిపోయింది.

కొనమంటారా అని అడిగితే, నాకు రోజుకు 50 కిలోమీటర్లుంది, చేతిలో వైరింగ్ మేస్త్రి ఉన్నాడు, కాలువ గట్టు దారి ఉంది. నాకు కుదిరింది. రోజుకు పది కిలోమీటర్లు బజారు వరకూ వెళ్ళి వచ్చేవాళ్ళకు పెట్రోలు బండే మేలు, డీజిల్ ఇంజిన్ వేడెక్కేలోపే వాళ్ళ పని అయిపోతుంది. భీమవరంలో ఉండే మా బావమరిది ఆఫీసు వాడి ఇంటికి నాలుగు కిలోమీటర్లు. వాడూ ఇలాంటిదే కొంటానంటే వద్దురా అన్నాను. ఆ రోజు చించినాడ వంతెన మీద నా పక్క సీట్లో కూర్చున్నది వాడే మరి, వినలేదు. తణుకులో ఇలాంటిదే 2018 బండి ఉందట. ఆదివారం చూడ్డానికి రమ్మన్నాడు. టార్చి పెట్టుకుని వెళ్తున్నాను.