పన్నెండో తరగతి పెయింటింగ్: కుట్టు బైండింగు పుస్తకమా, స్పైరలా, విడి షీట్లా?

బడి తెరిచిన వారానికే మొదలవుతుంది. "సార్, స్కెచ్‌బుక్ ఏది కొనమంటారు? స్పైరల్‌దా, మామూలుదా? విడి షీట్లయితే సరిపోదా?" సీబీఎస్‌ఈలో పెయింటింగ్ తీసుకున్న పిల్లల తల్లిదండ్రులు ఏటా అడిగేదే.

మార్కుల లెక్క మీకు తెలిసిందే. థియరీకి 30, ప్రాక్టికల్‌కు 70, ఆ 70లో పోర్ట్‌ఫోలియోకి, అంటే ఏడాది బొమ్మలన్నీ కూర్చి చూపించేదానికి, 20. అందులో పెద్ద వాటా ఏడాది పొడవునా చేసిన పనికి, తొలి స్కెచ్ నుంచి పూర్తయిన బొమ్మ దాకా. నేను దేన్ని తూచినా ఈ ఒక్క సంగతి పెట్టే తూస్తాను.

విడి షీట్ల సుఖం విడి షీట్లదే. కావలసిన మందంలో కాగితం దొరుకుతుంది. మందమైనది తీసుకుంటే వాటర్ కలర్ వేసినా అంతగా ఉబ్బదు. హాఫ్ ఇంపీరియల్, అంటే 15 × 22 అంగుళాల కాగితానికి చెయ్యి అలవాటు పడుతుంది. ఏడాదంతా చిన్న పుస్తకంలోనే గీసిన పిల్లలు పెద్ద షీటు ముందు కూర్చుని, నడి మధ్యలో నిమ్మకాయంత బొమ్మ గీసి ఆగిపోవడం నేను చూశాను. కానీ ఆ షీట్లు ఫిబ్రవరి దాకా ఏ ఇంట్లోనూ వరసగా ఉండవు. కొన్ని బీరువా మీదికి, కొన్ని మంచం కిందికి చేరతాయి.

స్పైరల్ బుక్కును పూర్తిగా వెనక్కి మడిచి, రైతుబజారు మెట్ల మీద ఒళ్లో పెట్టుకుని గీయొచ్చు. దాని చిక్కల్లా పేజీ ఇట్టే చిరగడం. రెండేళ్ల కిందట నా క్లాసులో ఒకమ్మాయి ఇత్తడి చెంబు గీసింది. మొదటిసారి మూతి కన్ను ఆకారంలో వచ్చింది, రెండు కొసలూ మొనదేలి. అడుగేమో స్కేలు పెట్టినట్టు తిన్నగా ఉంది. రెండోసారి నిలువుగా నడిమి గీత గీసుకుని ఇరుపక్కలా పెన్సిలుతో కొలుచుకుంది. మూతి కుదిరింది, అడుగు మాత్రం ఇంకా తిన్నగానే. మూడోసారి అడుగు గీత మూతికన్నా ఇంకాస్త వంపు తిరిగింది. అప్పుడు చెంబు బల్ల మీద కూర్చుంది. పరీక్ష నాటికి పుస్తకంలో ఆ మూడోదొక్కటే మిగిలింది. "బాగాలేవని చింపేశాను సార్" అంది. ఆ పిల్ల నేర్చుకున్నదంతా ఆ చిరిగిన రెండు పేజీల్లోనే ఉంది. వచ్చిన ఎగ్జామినర్‌కు కనిపించింది ఒక మంచి చెంబు, అంతే. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకే నా మొగ్గు కుట్టు బైండింగు పుస్తకానికే, ఏ4 సైజులో. ఒక పేజీ చింపితే దానికి జతైన పేజీ కూడా ఊడొస్తుంది కాబట్టి పిల్లలు చింపడానికి వెనకాడతారు. ప్రతి పేజీ మూలన తేదీ వేయించండి. దీనికీ లోపాలున్నాయి. కొత్తలో తిన్నగా తెరుచుకోదు. కాగితం 150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 150 గ్రాములు) ఉన్నా నీళ్లు ఎక్కువైతే ఉబ్బుతుంది. మెత్తటి 6బీ పెన్సిలు నలుపు ఎదురు పేజీకి అంటుతుంది, మధ్యలో బటర్ పేపర్ పెట్టుకోవాలి. పూర్తి పెయింటింగులకు ఎలాగూ విడిగా హాఫ్ ఇంపీరియల్ షీట్లు కావాలి, వాటిని నేను కాదనను. దానికి ముందు పడే తర్జనభర్జనంతా మాత్రం పుస్తకంలోనే ఉండాలి. పోర్ట్‌ఫోలియోలోని జానపద కళ బొమ్మకు శ్రీకాళహస్తి కలంకారీ ఎంచుకున్నారనుకోండి. అక్కడి కళాకారులు కూడా కలం పట్టేముందు చింతబొగ్గుతోనే బొమ్మ గీసుకుంటారు. అలాంటి బొగ్గు గీతలు రెండు పేజీలు పుస్తకంలో ఉంటే షీటు మీది బొమ్మకు వెనక పని కనిపిస్తుంది.

క్లిప్ ఫైలు, ప్లాస్టిక్ ఫోల్డరు పూర్తయిన షీట్లు దాచుకోవడానికి బాగుంటాయి. ట్యాబ్‌లో గీసి ప్రింటు అంటిస్తామంటే మాత్రం వద్దనే చెబుతాను.

కొట్లో పుస్తకం తీసుకునేటప్పుడు మధ్య పేజీలు తెరిచి దారం కనిపిస్తోందో లేదో చూడండి. ఒట్టి గమ్ముతో అంటించిందైతే దసరా సెలవులకే పేజీలు రాలడం మొదలుపెడతాయి.