బీఎండబ్ల్యూ ఎక్స్5 డీజిల్: ఆరేళ్లు, 84,000 కిలోమీటర్లు, ఒక మైలేజ్ పుస్తకం

2019 ఆగస్టులో హైదరాబాద్‌లో కొన్నాను. బీఎండబ్ల్యూ ఎక్స్5, ఎక్స్‌డ్రైవ్ 30డి. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్, 265 హార్స్‌పవర్, 8 గేర్ల ఆటోమేటిక్, 80 లీటర్ల ట్యాంక్. ఇప్పటికి 84,000 కిలోమీటర్లు తిరిగింది. మిగతా సంగతులు కూడా చెబుతాను గానీ ఈ సమీక్షలో ఎక్కువ భాగం మైలేజ్ గురించే. ఇంత ఖరీదైన బండ్ల గురించి రాసేవాళ్లు దాన్ని ఒక్క ముక్కలో దాటేస్తారు. కొనాలనుకునేవాళ్లు మాత్రం నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగేది అదే.

షోరూంలో నేను అడిగినప్పుడు సేల్స్ కుర్రాడు ఇబ్బందిగా నవ్వి, "ఈ రేంజ్ బండికి ఎవరూ మైలేజ్ అడగరు సార్" అన్నాడు. ఆ మాట నాకు రుచించలేదు. మాది తెనాలి దగ్గర పల్లె. ట్రాక్టర్ ఉన్నన్నాళ్లూ నాన్న డీజిల్ పుస్తకం రాశారు. ఏ తేదీన ఎన్ని లీటర్లు పోశారు, ఏ చేను దున్నారు, ఎన్ని గంటలు పట్టింది, అన్నీ అందులో ఉండేవి. కొత్త కారు చూపించడానికి ఊరు తీసుకెళ్తే, చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి, "లీటరుకి ఎంత ఇస్తోందిరా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తిరుగు ప్రయాణంలో విజయవాడలో ఆగి ఒక నోటు పుస్తకం కొని డాష్‌బోర్డు అరలో పెట్టాను. అప్పటి నుంచి ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ వరకు లెక్క రాయడం మానలేదు. స్క్రీన్ మీద కనిపించే సగటు ఏ కారులోనైనా ఒక అంచనాయే. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందన్నదే అసలు లెక్క.

ఆరేళ్లలో పట్టిన డీజిల్ 8,150 లీటర్లు. సగటున లీటరుకు 10.3 కిలోమీటర్లు. అయితే ఈ సగటు చూసి ఎవరూ నిర్ణయం తీసుకోకండి, ఎందుకంటే సిటీలో నా బండి ఒకటి, హైవే మీద ఇంకొకటి.

కొండాపూర్ నుంచి బంజారాహిల్స్‌లోని ఆఫీసుకు రోజూ వెళ్లి వస్తే 7.2 నుంచి 7.6 వస్తుంది. వాన పడిన సాయంత్రం సైబర్ టవర్స్ దగ్గర ఇరుక్కుంటే ఆరు కూడా రాదు. ఆదివారం పొద్దున ఖాళీ రోడ్ల మీద తొమ్మిది దాటిన సందర్భాలున్నాయి. బండి బరువు రెండు టన్నులు దాటుతుంది. అంత బరువును ప్రతి సిగ్నల్ దగ్గరా ఆపడం, మళ్లీ కదిలించడం. తొక్కిన యాక్సిలరేటర్ అంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంది గానీ, మన ఎండాకాలంలో ఏసీ కోసం కాసేపటికే మళ్లీ స్టార్ట్ అవుతుంది.

2022 మే నెల పేజీ ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. మూడు వారాలు వరసగా 6.1, 5.9, 5.8. ఏదో రిపేరు వచ్చిందని టెన్షన్ పడ్డాను. ఆ నెలంతా పెళ్లిళ్లు. ఒకరోజు మధ్యాహ్నం ఫంక్షన్ హాల్లో భోజనాల మధ్యలో, కారులో మర్చిపోయిన గిఫ్ట్ కవరు కోసం బయటికి వచ్చాను. గోడ వారగా పదీ పన్నెండు పెద్ద బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఎక్కడా చెట్టు నీడ లేదు. అన్ని ఇంజన్లూ నడుస్తున్నాయి, ప్రతి బండి కిందా ఏసీ నీళ్లు కారి చిన్న మడుగు. మా డ్రైవర్ సీటు వెనక్కి వాల్చుకుని పడుకుని ఉన్నాడు. అద్దం మీద తడితే ఉలిక్కిపడి లేచి, "ఎండకి ఉండలేకపోయాను సార్" అన్నాడు. బయట 43 డిగ్రీలు. అతన్ని ఏమీ అనలేకపోయాను, అనకూడదు కూడా.

తర్వాత నేనే కొలిచి చూశాను. ఆ ఎండలో ఏసీ వేసి నిలబెడితే గంటకు దాదాపు లీటరు డీజిల్ ఖర్చవుతోంది. మూడు గంటల పెళ్లి అంటే మూడు లీటర్లు, సిటీలో ఇరవై రెండు కిలోమీటర్లు తిరిగే డీజిల్. అప్పటి నుంచి ఏ ఫంక్షన్‌కు వెళ్లినా డ్రైవర్ మాతోపాటే లోపలికి వస్తాడు, మాతోపాటే భోంచేసి ఫ్యాన్ కింద కూర్చుంటాడు. రెండు వారాల్లో అంకె మళ్లీ ఏడు దాటింది. పెద్ద బండ్లున్నవాళ్లందరికీ నేను గట్టిగా చెప్పే మాట ఇది: మీ సిటీ మైలేజ్ తగ్గితే ఇంజన్ కంటే ముందు, మీ కోసం ఎదురుచూస్తున్న మనిషి ఎక్కడ కూర్చుంటున్నాడో చూడండి.

హైవే మీద మాత్రం ఈ బండి మనసు నింపుతుంది. విజయవాడ రోడ్డు మీద 90, 100 మధ్య నడిపితే 13.5 దగ్గర వస్తుంది. వేగం తేడా ఎంతో తెలుసుకోవాలని హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద ఒక పరీక్ష చేశాను. చుట్టు మొత్తం 158 కిలోమీటర్లు. 2023లో అక్కడ వేగ పరిమితి 120కి పెంచాక, ఒక ఆదివారం ఉదయం 90 దగ్గర, ఇంకో ఆదివారం 120 దగ్గర క్రూయిజ్ కంట్రోల్ (వేగాన్ని ఒకేలా ఉంచే ఏర్పాటు) పెట్టి ఒక్కో చుట్టు తిరిగాను. బంకు అదే, పంపు అదే. 90 దగ్గర 15.1 వచ్చింది, 120 దగ్గర 11.4. వేగం మూడో వంతు పెరిగితే గాలి అడ్డుకునే బలం 78 శాతం దాకా పెరుగుతుంది, ఎత్తైన బండికి ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. డీజిల్ ఆదా చేసే ఎకో ప్రో మోడ్‌లో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చక్రాలతో ఇంజన్ లంకె విడిపోయి బండి న్యూట్రల్‌లో జారినట్టు సాగుతుంది. ఎదురుగా టోల్ ప్లాజా కనబడగానే కాలు తీసేయడం అలవాటు చేసుకుంటే దాని విలువ తెలుస్తుంది.

ఇక డబ్బు లెక్క. నేను కొన్నప్పుడు హైదరాబాద్‌లో డీజిల్ 70 రూపాయల పైచిలుకు. 2021 దీపావళికి ముందు 107 దాటింది. 2022 మే తర్వాత దాదాపు రెండేళ్లు 97.82 దగ్గర నిలబడింది. సగటున 91 పడింది నాకు. ఆరేళ్ల డీజిల్ ఖర్చు 7 లక్షల 40 వేలు, అంటే కిలోమీటరుకు 9 రూపాయల లోపు.

బండి ఎక్స్‌షోరూం ధర 73 లక్షల దగ్గర. అప్పట్లో తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 10 లక్షల పైన. ఆరేళ్లలో తాగిన డీజిల్ కంటే మొదటి రోజు కట్టిన పన్నే ఎక్కువ. అన్నీ కలిపి రోడ్డు మీదికి వచ్చేసరికి 87 లక్షలైంది. మొన్న పాత కార్ల డీలర్ ఒకరు 33 లక్షలు ఇస్తామన్నారు. పోయిన 54 లక్షలను 84,000తో భాగిస్తే కిలోమీటరుకు 64 రూపాయలు. నడుస్తున్నప్పుడు మన కంటికి కనిపించేది బంకులో తిరిగే మీటరు ఒక్కటే. దానికి ఏడింతలు చప్పుడు లేకుండా కరిగిపోతోంది. ఈ బండి లీటరుకు ఇంకో రెండు కిలోమీటర్లు ఎక్కువ ఇచ్చి ఉంటే నాకు మిగిలేది ఏడాదికి 20 వేలు. టైర్లు నాలుగూ మార్చినప్పుడు లక్షన్నర దాటింది.

కాబట్టి డబ్బు కోసమే అయితే, ఆ సేల్స్ కుర్రాడు చెప్పిందే నిజం. మరి ఈ బండ్లు కొన్నవాళ్లకు నిజంగానే మైలేజ్ పట్టదా? పడుతుంది. నేను కళ్లారా చూశాను.

మా బావది పెట్రోల్ ఎస్‌యూవీ, నా బండి కంటే ఖరీదైనది. "మైలేజ్ చూసుకునేవాడు ఈ బండి కొనడు" అనేది ఆయన మాట. 2024 సంక్రాంతి అయ్యాక ఆయన కారులో బెంగళూరు వెళ్తున్నాం. అనంతపురం దగ్గర "ఇక్కడ కొట్టిద్దాం బావా" అంటే, "ఆగవయ్యా, బాగేపల్లిలో కొట్టిద్దాం" అన్నాడు. కొడికొండ చెక్‌పోస్టు దాటి కర్ణాటకలోకి వెళ్తే ఇంధనం చవక అని ఆ దారిలో తిరిగే లారీవాళ్లందరికీ తెలుసు. అప్పుడు పెట్రోల్ హైదరాబాద్‌లో 109.66, బెంగళూరులో 101.94. డీజిల్ తేడా ఇంకా ఎక్కువ, దాదాపు పది రూపాయలు. పెనుకొండ దాటాక స్క్రీన్ మీద రేంజ్ 70 కిలోమీటర్లకు పడిపోయింది. బావ ఏమీ మాట్లాడకుండా ఏసీ ఆపేసి, అద్దం రెండు వేళ్లంత దించి, వేగం 80కి తగ్గించాడు. చెక్‌పోస్టు అవతల బంకులో మా ముందు రెండు జర్మన్ బండ్లు, ఒక ఫార్చ్యూనర్, నాలుగు లారీలు. అరవై లీటర్లు కొట్టించి, హైదరాబాద్ ధరతో పోలిస్తే దాదాపు 460 రూపాయలు మిగుల్చుకుని, బండెక్కి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. కష్టపడి సంపాదించినవాడు రూపాయికి రూపాయి విలువ రాబట్టుకోవాలనుకుంటాడు, బండి ధర ఎంతైనా ఆ గుణం పోదు.

2025లో 20 శాతం ఇథనాల్ పెట్రోల్ మీద గొడవ లేచినప్పుడు కూడా ముందుగా నాకు ఫోన్ చేసింది బావే. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ కాబట్టి ఎంతో కొంత మైలేజ్ తగ్గుతుంది. "బామ్మర్దీ, నీ పుస్తకం ఎలా రాస్తావో చెప్పు" అన్నాడు. ఇప్పుడు ఆయన కారులో కూడా ఒక పుస్తకం ఉంది.

నా మటుకు నాకు మైలేజ్ ఇచ్చిన పెద్ద లాభం బంకును ఎంచుకునే స్వేచ్ఛ. హైవే మీద ఫుల్ ట్యాంక్‌తో వెయ్యి కిలోమీటర్ల దాకా పోతుంది. హైదరాబాద్ నుంచి తెనాలి వెళ్లి, అక్కడ చుట్టాల ఇళ్లన్నీ తిరిగి, మళ్లీ ఇల్లు చేరేవరకు బంకు మొహం చూడక్కర్లేదు. దీని విలువ 2020 వానాకాలంలో తెలిసింది. అప్పట్లో పట్టించుకోక, అర్ధరాత్రి దారిలో ఏదో చిన్న బంకులో ముప్పై లీటర్లు కొట్టించాను. ఇరవై కిలోమీటర్లు పోయేసరికి ఇంజన్ కుదుపులు, వార్నింగ్ లైటు, పికప్ లేదు. డీజిల్‌లో నీళ్లు కలిశాయి. ఈ ఇంజన్లలో డీజిల్‌ను 2,000 బార్ దాటిన ఒత్తిడితో సన్నటి రంధ్రాల్లోంచి చిమ్ముతారు, నీటి చుక్క పడితే ఇంజెక్టర్ పాడైపోవచ్చు. టోయింగ్, ట్యాంక్ శుభ్రం చేయించడం, ఫిల్టర్ మార్చడం, మూడు రోజులు బండి లేకపోవడం. ఇంజెక్టర్లు బతికాయి, అదృష్టం. అప్పటి నుంచి రెండే బంకులు, ఒకటి ఇంటి దగ్గర, ఒకటి విజయవాడలో. లీటరుకు ఎనిమిది ఇచ్చే పెట్రోల్ బండి అయితే నాకు ఈ పట్టింపు సాధ్యమయ్యేది కాదు.

ఇంకొకటి. బండి ఆరోగ్యం మైలేజ్‌లో ముందుగా తెలుస్తుంది. 2023 చలికాలంలో హైవే మైలేజ్ 13.4 నుంచి 12.2కి జారింది. వార్నింగ్ ఏదీ రాలేదు. గాలి చూపిస్తే నాలుగు టైర్లలోనూ నాలుగైదు పాయింట్లు తక్కువ. గాలి కొట్టించాను, తర్వాతి ట్రిప్పులో మళ్లీ 13.3. అలా కొన్ని నెలలు నడిపి ఉంటే టైర్ల అంచులు అరిగిపోయేవి.

మిగతా విషయాలు క్లుప్తంగా. ముందు సీట్లు అయిదు గంటల ప్రయాణంలో కూడా నడుము నొప్పి రానివ్వవు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కి దిగడానికి ఎత్తు సరిగ్గా సరిపోయింది. 620 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) ఉంది కాబట్టి లారీని దాటేటప్పుడు ఆలోచించక్కర్లేదు. బూట్‌లో రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు నిక్షేపంగా పడతాయి.

ఇప్పుడు కొత్త బండి మాట ఇంట్లో మొదలైంది. మా ఆవిడ ఎలక్ట్రిక్ అంటోంది. తెలంగాణలో 20 లక్షలు దాటిన పెట్రోల్, డీజిల్ కార్లకు లైఫ్ ట్యాక్స్ 2022లో 18 శాతానికి పెరిగింది. ఎలక్ట్రిక్ కార్లకు 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు పన్ను లేదు. ఆ 18 శాతం లెక్కన చూసినా కోటి రూపాయల బండి మీద 18 లక్షల తేడా, నా ఆరేళ్ల డీజిల్‌కు రెండింతల పైన. మా అపార్ట్‌మెంట్‌లో డాక్టర్ గారొకరు ఆ పన్ను చూసే ఎలక్ట్రిక్ కొన్నారు. ఇప్పుడు లిఫ్ట్‌లో కలిసినప్పుడల్లా యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో చెబుతారు. మొన్నటి అంకె 4.6.

ఏడాదికి పది వేల కిలోమీటర్ల లోపు, అదీ సిటీలోనే తిరిగేవాళ్లకు ఈ పెద్ద డీజిల్ నేను చెప్పను. నెలకు రెండుసార్లయినా ఊరు వెళ్లి వచ్చేవాళ్లకు మాత్రం నిస్సంకోచంగా చెబుతాను. నేనింకా తేల్చుకోలేదు. వచ్చే నెల ఒక ఎలక్ట్రిక్ డెమో బండి రెండు రోజులు ఇస్తామన్నారు. ఒకరోజు ఆఫీసుకు, ఒకరోజు తెనాలికి. పుస్తకంలో కొత్త పేజీకి గీతలు కొట్టి పెట్టుకున్నాను, లీటర్లు అన్న చోట యూనిట్లు అని రాసి.