బాలానగర్ బర్నర్ సర్వీసు: మూడు నెలల టెన్షన్ ఒక్క పూటలో తీరింది

జీడిమెట్లలో మాకు చిన్న పౌడర్ కోటింగ్ యూనిట్ ఉంది, ఓవెన్‌కి ఎల్పీజీ బర్నర్. మూడు నెలలుగా అది వెలిగిన కాసేపటికే లాకౌట్ అయ్యేది (అంటే గ్యాస్ కట్ చేసుకుని తనంతట తనే ఆగిపోయేది), రీసెట్ నొక్కితే వెలిగేది, మళ్లీ అదే కథ. ముందు పిలిచిన సర్వీసు వాళ్లు (పేరు వద్దులెండి) బర్నర్‌ని నడిపించే కంట్రోలర్ పోయిందని కొత్తది బిగించారు, నాలుగు రోజులు నడిచి మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి వచ్చిన కుర్రాడైతే "మంట ఉందో లేదో చూసే సెన్సార్‌ని బైపాస్ చేసేస్తా సార్, ఇక ఆగదు" అన్నాడు. నా గుండె జారిపోయింది. మంట ఆరినా గ్యాస్ వస్తూనే ఉండి, వేడి ఓవెన్‌లో నిండి ఒక్కసారిగా అంటుకుంటే దాని ముందు నిలబడి ఉండేది మా పనివాళ్లే కదా!

అప్పుడు పక్క షెడ్డాయన బాలానగర్‌లో లేత్ షాపుల సందులో ఉన్న ఈ సర్వీసు గురించి చెప్పారు. వచ్చిన మేస్త్రిగారు స్క్రూడ్రైవర్ కంటే ముందు మీటర్ తీశారు. ఫ్లేమ్ రాడ్ (మంటలో ఉండి మంటను కనిపెట్టే కడ్డీ, ఆ సెన్సార్ ఇదే) వైరుకి సిరీస్‌లో పెట్టి బర్నర్ వెలిగించారు: 0.8 మైక్రో ఆంపియర్, అదీ నిలకడగా లేదు. "మంట బాగానే ఉంది సార్, దాని కబురే కంట్రోలర్‌కి చేరట్లేదు" అన్నారు.

మంటలో అయాన్లు ఉంటాయి కాబట్టి దానిలోంచి కరెంటు పోతుందట, అది కూడా ఒక దిక్కుకే ఎక్కువగా, అందుకే రాడ్‌కి ఏసీ ఇస్తే మంట ఉన్నప్పుడు కొద్దిగా డీసీ పుడుతుంది, కంట్రోలర్ వెతికేది ఆ డీసీనే. తేమకో మసికో రాడ్ షార్ట్ అయితే కరెంటు రెండు వైపులా పోతుంది, డీసీ ఉండదు, గ్యాస్ ఆగిపోతుంది. ఇంత తెలివైన ఏర్పాటునా ఆ కుర్రాడు తీసి పారేద్దామన్నది!

రాడ్ బయటికి తీసి నా చేతిలో పెట్టారు. పింగాణీ మీద వెంట్రుకంత పగులు, అందులో నల్లగా మసి. బర్నర్ ఎర్త్ వైరు చివరి లగ్గు (వైరుని బిగించే లోహపు ముక్క) తుప్పు పట్టి గోరు తగిలితే పొడిగా రాలింది. ఈ కరెంటు తిరిగొచ్చే దారి అదే. కొత్త రాడ్, కొత్త లగ్గు వేశాక మీటర్ 4.5 మైక్రో ఆంపియర్ దగ్గర కదలకుండా నిలబడింది. తర్వాత బర్నర్ నడుస్తుండగా చేత్తో గ్యాస్ వాల్వ్ మూసి, మంట ఆరగానే కంట్రోలర్ ట్రిప్ అవడం నాకు చూపించారు. ఇన్నేళ్లలో ఎవరూ చేయని పరీక్ష ఇది.

రెండో ఓవెన్‌కి రాడ్ బదులు యూవీ సెల్ ఉంది, మంటలోని అతినీలలోహిత కాంతిని చూసి మంటను కనిపెట్టేది. దాని గాజు మీద పౌడర్ పొర పేరుకుంటే తుడిచారు. యూవీ ట్యూబ్ పాతబడితే మంట లేకపోయినా ఉందనే చెప్పే ప్రమాదం ఉందట, అందుకే రోజుల తరబడి ఆగకుండా నడిచే బర్నర్లకు షట్టర్‌తో తనను తానే పరీక్షించుకునే రకం కావాలన్నారు. మాది రోజూ రాత్రి ఆపుతాం, ప్రతి స్టార్ట్‌కి ముందు కంట్రోలర్ ఆ సెల్‌ని చూసుకుంటుంది, సరిపోతుంది.

విజిట్‌కి 1500, రాడ్ ఖర్చు వేరు, బిల్లు ఇచ్చారు. ఫోన్ ఎత్తడం మాత్రం ఆలస్యం, ఆదివారం రారు, కాబట్టి శనివారం లోపే చెప్పుకోండి. స్పేర్ రాడ్ ఒకటి కొనిపించారు, ప్యానెల్ తలుపు లోపల కట్టి పెట్టాం.