పాత బిల్లింగ్ ప్రోగ్రామును పైథాన్ 3కి మార్పిస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర మాది నోటుపుస్తకాల టోకు దుకాణం. పన్నెండేళ్లుగా ఒకే బిల్లింగ్ ప్రోగ్రాముతో పని నడిచింది. అది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, దాని పాత రూపమైన పైథాన్ 2లో రాసినది. ఆ రూపానికి 2020 జనవరి 1 నుంచి మద్దతు లేదు, పాత కంప్యూటరూ మొరాయిస్తోంది. అందుకని ఈ వేసవిలో నగరంలోని ఒక చిన్న సంస్థకు 35 వేల రూపాయలకు పని అప్పగించి, పైథాన్ 3కి మార్పించాను. నాలుగు రోజుల్లో తెచ్చి, నా ఎదుటే పది బిల్లులు తీసి చూపించారు. పైసాతో సహా సరిపోయాయి. మిగిలిన డబ్బు అప్పుడే ఇచ్చేశాను. అలా ఇవ్వకుండా ఉండాల్సింది.

బడులు తెరిచే జూన్ నెలలో మాకు ఊపిరి సలపదు. అలాంటి రోజున అనకాపల్లి నుంచి ఏళ్ల తరబడి వస్తున్న వ్యాపారి ఒకాయన బిల్లు నా ముందు పెట్టి, "ఏమండీ, ఈ లెక్క ఒకసారి మీరే వేయండి" అన్నారు. 50 పుస్తకాలు. డజను 480 రూపాయలు, విడిగా అయితే ఒక్కోటి 42. బిల్లులో 4 డజన్లు, 2 విడి అనే ఉంది. 1,920కి 84 కలిపితే 2,004. అచ్చయిన మొత్తం 2,084. నా తల కొట్టేసినట్లయింది. ఆయన ఏమీ అనలేదు, అదే ఇంకా బాధించింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న మా అక్క కూతురు ఆ రాత్రే కోడు చూసింది. "మామయ్యా, ఈ వరుసలో ఒక్క అక్షరం కూడా మారలేదు, అర్థం మారిపోయింది" అంది. పైథాన్ 2లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే జవాబు పూర్ణాంకమే: 50ని 12తో భాగిస్తే 4. పైథాన్ 3లో భాగహారానికి పెట్టే అదే వాలుగీత (/) 4.1666 ఇస్తుంది. పాత జవాబు కావాలంటే రెండు వాలుగీతలు (//) పెట్టాలి. పెట్టలేదు కనుక విడిగా ఉన్న రెండు పుస్తకాల ఖరీదు డజన్ల లెక్కలోనే చేరింది, ఆ తర్వాత శేషం కింద మళ్లీ పడింది. ఒకే సరుకుకు రెండుసార్లు వసూలు చేశామన్నమాట. అచ్చు వేసే వరుస దశాంశాలను కత్తిరించి 4 అనే చూపుతుంది కాబట్టి కాగితం మీద అనుమానం రాదు. నాకు చూపిన పది బిల్లులూ 24, 36, 60 లాంటి నిండు డజన్లవి. వాటిలో ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు.

రూపాయికి సరిచేసే చోట ఇంకొకటి దొరికింది. పైథాన్ 2లో 62.50 కాస్తా 63 అయ్యేది. పైథాన్ 3 సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరిసంఖ్యకు వెళ్తుంది, అంటే 62. జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం పన్ను మొత్తంలో 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి చేయాలి. అంటే పన్ను లెక్కలోనూ తేడా.

ఆ సంస్థను అడిగితే, మార్పిడి సాధనం నడిపామని, ప్రోగ్రాము ఎక్కడా ఆగడం లేదు కాబట్టి తమ బాధ్యత తీరిందని చెప్పారు. ఈ మాటకే నాకు కోపం వచ్చింది. టూ-టు-త్రీ (2to3) అనే ఆ సాధనం ప్రింట్ లాంటి ఆదేశాలు రాసే తీరును మారుస్తుంది, భాగహారాన్ని ముట్టుకోదు. అక్కడ వచ్చేవి పూర్ణాంకాలో కావో దానికి తెలియదు. ధర రాయని సరుకును అంకెతో పోల్చే చోట పైథాన్ 3 మొదటి రోజే ఆగిపోయింది, ఆ పూటే సరిచేశారు. ఆగకుండా తప్పు లెక్క చెప్పే చోట మాత్రం మూడు వారాలు జనం డబ్బు పోయింది.

మీరు ఈ పని చేయిస్తుంటే, పాత బిల్లులు కనీసం రెండు వందలు మీరే ఏరి ఇవ్వండి. విడి సరుకు ఉన్నవి, 50 పైసలతో ముగిసేవి, సరుకు వాపసు వచ్చినవి వాటిలో ఉండాలి. పాత ప్రోగ్రాము, కొత్త ప్రోగ్రాము రెండింటిలోనూ నడిపి తేడాలు చూపాలని ఒప్పందంలో రాయించండి. పైథాన్ 2.7ను "మైనస్ 3" (-3) అనే సూచనతో నడిపితే ఇలాంటి భాగహారాలు తగిలిన చోట హెచ్చరిస్తుంది. అది నడిపారా అని అడగండి. ఒక నెల బిల్లులు సరిపోయేదాకా చివరి వాయిదా మీ దగ్గరే ఉంచుకోండి. పాత కంప్యూటరును పాత సామాను కింద అమ్మేయకండి. మాది అటక మీద ఉండబట్టే ఇప్పుడు ఒక్కో బిల్లూ తిరిగి వేసి, ఎవరికెంత వాపసు ఇవ్వాలో రాసుకుంటున్నాం.