నాటకశాలలో పుస్తకాల అంగడి: ఎల్ అతెనేయో గ్రాండ్ స్ప్లెండిడ్

మందుల ఎగుమతి ఒప్పందాల పని మీద అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో గడిపిన వారంలో నాకు రెండు మధ్యాహ్నాలు మాత్రమే ఖాళీ దొరికాయి. మొదటిది ఒక పర్యాటక బస్సు అద్దాల వెనుకే గడిచిపోయింది. రెండవ నాడు ఒకే ఒక్క చోటును ఎంచుకొని, అక్కడికి నడిచి వెళ్లాలని నిశ్చయించుకున్నాను. ఆ చోటు సాంతా ఫే వీధిలో 1860వ నంబరు భవనంలో ఉన్న ఎల్ అతెనేయో గ్రాండ్ స్ప్లెండిడ్ పుస్తకాల అంగడి.

ఈ నగరంలో కాలినడకన తిరిగేవారికి ఇంటి నంబర్లే దారి చెబుతాయి. రెండు అడ్డవీధుల మధ్య ఉండే సుమారు నూరు మీటర్ల నిడివిని అక్కడివారు క్వాద్రా అంటారు. ఒక్కొక్క క్వాద్రాకు నూరేసి నంబర్లు కేటాయించారు. ఉత్తర దక్షిణాలుగా సాగే వీధులు రివదావియా వీధిని దాటగానే పేరు మార్చుకుంటాయి, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కాంగ్రెస్ భవనం, అంటే ఆ దేశపు పార్లమెంటు, ముందున్న ఎంత్రె రీయోస్ వీధి అలాగే కాషావోగా మారుతుంది. కాషావో మీద ఉత్తరంగా నడిస్తే సాంతా ఫే వీధిని, ఆ వీధి లెక్కలో 1800వ నంబరు దగ్గర చేరుకుంటాము కనుక, 1860 అక్కడికి కూతవేటు దూరమే. కాంగ్రెస్ భవనం నుంచి మొత్తం నడక సుమారు కిలోమీటరున్నర. వాన వెలిసిన తరువాత మాత్రం కాలిబాట పలకలను చూసుకొని అడుగు వేయాలి. ఊడిన పలక కింద నిలిచిన నీరు నా ప్యాంటును మోకాలి దాకా తడిపింది.

ఈ భవనం 1919లో మాక్స్ గ్లుక్స్‌మాన్ అనే వ్యాపారి కట్టించిన నాటకశాల. 1929 నాటికి సినిమా హాలుగా మారి, ఆ దేశంలో మొదటి మాటల చిత్రాలను చూపించింది. 2000లో పుస్తకాల అంగడి అయింది. కుర్చీలు తీసి ఆ స్థానంలో పుస్తకాల అరలు పెట్టారే తప్ప, మూడు అంతస్తుల బాల్కనీలను, వేదిక మీది ఎర్రటి తెరను, గుమ్మటం లోపల నజరేనో ఒర్లాందీ వేసిన చిత్రాన్ని అలాగే ఉంచారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన సందర్భంలో శాంతిని కీర్తిస్తూ వేసిన ఆ చిత్రాన్ని మెడ నొప్పి పుట్టే దాకా చూశాను. మన ఊళ్లలో మూతపడిన పాత సినిమా హాళ్లు కల్యాణ మండపాలుగానో, గోదాములుగానో మారడం చూసిన కళ్లకు ఇది కొంచెం అసూయ కలిగించే దృశ్యం.

ప్రవేశానికి రుసుము లేదు. ఒకప్పుడు సంపన్నులు కూర్చొని నాటకం చూసిన పక్క గదులలో ఇప్పుడు ఎవరైనా పుస్తకం పట్టుకొని కూర్చోవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చినది ఈ ఏర్పాటే. వేదిక మీద కాఫీ హోటలు నడుస్తోంది. అక్కడ కూర్చున్నవారికి ఎదురుగా హాలంతా కనిపిస్తుంది, హాలులోని వారికి వీరే నటులలా కనిపిస్తారు. పిల్లల పుస్తకాలు నేలమాళిగలో ఉన్నాయి. మా మేనకోడలికి బొమ్మల పుస్తకం అక్కడే కొన్నాను. స్పానిష్ రానివారు చదివి ఆనందించగలిగినవి తక్కువ. 2019లో నేషనల్ జియోగ్రాఫిక్ దీనిని ప్రపంచంలోకెల్లా అందమైన పుస్తకాల అంగడి అని పేర్కొన్నది కనుక, ఫొటోలు తీసుకోవడానికే వచ్చేవారు కొనేవారి కంటే ఎక్కువగా ఉంటారు. తెరిచిన వెంటనే వెళ్లడం మేలు.

పుస్తకాలు వెతికి కొనడమే ముఖ్యమనుకునేవారికి నా సలహా వేరు. తిరుగుదారిలో కాషావోను అడ్డంగా దాటే కొరియెంతెస్ వీధిలోకి మళ్లితే పాత పుస్తకాల కొట్లు వరుసగా ఉంటాయి. అదే వీధిలోని పిజ్జా కొట్లలో బల్ల దగ్గర నిలబడి తినే ఫుగసేతా, అంటే ఉల్లిపాయలు, జున్ను దట్టించిన పిజ్జా, శాకాహారులకు ఆ నగరంలో తేలికగా దొరికే భోజనం.