టామ్‌క్యాట్‌లో ఫైలు పేరే చిరునామా: పదేళ్లు దాటిన వాడకం తర్వాత

జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ టామ్‌క్యాట్. దాని స్పీడు ఎంత, మెమరీ ఎంత తింటుంది, ఎలా ఇన్‌స్టాల్ చేయాలి లాంటివి ఇక్కడ రాయడం లేదు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. 2013 నుంచి, అంటే ఏడో వెర్షన్ రోజుల నుంచి, నా పని అంతా దీని మీదే. ఇన్నేళ్లలో నాకు దీని మీద ఇష్టం పెంచింది ఒక్క విషయం. అప్లికేషన్ ఏ యూఆర్‌ఎల్ మీద తెరుచుకోవాలో తేల్చేది ఒక ఫైలు పేరు. నన్ను బాగా ఏడిపించింది కూడా సరిగ్గా ఆ చోటే. రెండూ చెబుతాను.

మాది గుంటూరులో చిన్న ఆఫీసు. కాలేజీలకు ఫీజులు, హాజరు, హాస్టల్ సాఫ్ట్‌వేర్ చేసి పెడతాం. ఒక్కో కాలేజీకి ఒక్క సర్వర్, దాని మీద నాలుగైదు అప్లికేషన్లు. దేనికి ఏ పాత్ (చిరునామాలో డొమైన్ తర్వాత వచ్చే భాగం) ఇవ్వాలన్నది మాకు రోజూ ఎదురయ్యే ప్రశ్నే.

టామ్‌క్యాట్ వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో 'ఫీజు.వార్' (అప్లికేషన్ మొత్తం కట్టిపెట్టిన వార్ ఫైల్) పడేస్తే '/ఫీజు' మీద తెరుచుకుంటుంది. ఇది మొదటి రోజే అందరూ నేర్చుకుంటారు. ఇంకో దారి కూడా ఉంది. సెట్టింగ్‌లుండే కాన్ఫ్ ఫోల్డర్ లోపల కాటలీనా, దాని లోపల లోకల్‌హోస్ట్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. అక్కడ 'ఫీజు.ఎక్స్ఎంఎల్' అని చిన్న ఫైలు పెట్టి, అసలు వార్ ఫైల్ ఎక్కడుందో డాక్‌బేస్ అనే సెట్టింగ్‌లో రాస్తే చాలు. వార్ ఫైల్ పేరు ఏదైనా కావచ్చు, ఏ డ్రైవ్‌లోనైనా ఉండవచ్చు. పాత్ మాత్రం ఎక్స్ఎంఎల్ పేరును బట్టే వస్తుంది. '/కాలేజీ/ఫీజు' అని రెండు మెట్లు కావాలంటే స్లాష్ ఉండాల్సిన చోట హ్యాష్ పెట్టి 'కాలేజీ#ఫీజు.ఎక్స్ఎంఎల్' అని పేరు పెడతాం. పేరేమీ లేకుండా డొమైన్ కొట్టగానే రావాలంటే ఫైలుకు 'రూట్' అని, ఇంగ్లీషులో అన్నీ పెద్ద అక్షరాలతో, పేరు పెడతాం. అంతే.

ఇది ఎంత హాయో సర్వర్లు చూసుకునేవాళ్లకే తెలుస్తుంది. కొత్త సర్వర్ చేతికి రాగానే ఆ లోకల్‌హోస్ట్ ఫోల్డర్‌లో ఎల్‌ఎస్ (ఫైళ్ల పేర్లు చూపే కమాండ్) కొడతాను. నాలుగు ఫైళ్ల పేర్లు కనబడతాయి. ఏ ఫైలూ తెరవకుండానే ఈ సర్వర్ మీద ఏ చిరునామాలు నడుస్తున్నాయో తెలిసిపోతుంది. ఇంటి గుమ్మం మీద పేరు చదువుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు ఏడిపించిన సంగతి.

2017లో, అప్పటికి 8.5 వాడుతున్నాం, ఒక కాలేజీ వాళ్లు ఫీజు పోర్టల్ చిరునామా చివర ఆ పేరు వద్దన్నారు. "డొమైన్ కొడితే నేరుగా రావాలి బాబూ, తల్లిదండ్రులకు స్లాష్‌లు ఎవరు చెబుతారు" అన్నారు ప్రిన్సిపాల్ గారు. న్యాయమైన మాటే. మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు నెట్‌లో వెతికి ఒక పరిష్కారం తెచ్చాడు. టామ్‌క్యాట్ ముఖ్య సెట్టింగ్‌ల ఫైలు సర్వర్.ఎక్స్ఎంఎల్ తెరిచి, హోస్ట్ ట్యాగ్ లోపల ఒక కాంటెక్స్ట్ లైను (ఒక అప్లికేషన్ వివరాలు చెప్పేది) రాయాలి. అందులో పాత్ ఖాళీ, డాక్‌బేస్ 'ఫీజు'. నేనూ చూశాను, బాగానే ఉందనిపించింది. రీస్టార్ట్ చేశాం. డొమైన్ కొట్టగానే లాగిన్ పేజీ వచ్చింది. "అయిపోయిందన్నా" అన్నాడు. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి చెప్పేశాను.

రెండు వారాలు గడిచాయి. ఈలోగా అకౌంట్స్ మేడమ్ ఒక మాట రెండు మూడుసార్లు చెప్పారు. తను లేట్ ఫైన్ మార్చినా కొందరికి పాత మొత్తమే కనబడుతోందని. బ్రౌజర్‌లో క్యాష్ క్లియర్ చేయించమని చెప్పి వదిలేశాను. ఆ రోజే పట్టించుకుని ఉండాల్సింది.

టర్మ్ ఫీజు గడువు దగ్గర పడింది. బాకీ ఉన్నవాళ్లకు ఉదయం ఏడింటికి ఎస్‌ఎంఎస్ వెళ్లే షెడ్యూల్ జాబ్ ఒకటి ఆ అప్లికేషన్‌లో ఉంది. ఆ రోజు తొమ్మిదిన్నరకల్లా కాలేజీ ఆఫీసు నుంచి ఫోన్. "సార్, అందరికీ మెసేజ్ రెండుసార్లు వెళ్లిందట. కౌంటర్ దగ్గర గొడవగా ఉంది." నేను స్కూటర్ మీద కాలేజీకి వెళ్లేసరికి కౌంటర్ ముందు ఒక పెద్దాయన ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఊరి నుంచి మొదటి బస్సుకు వచ్చారట. "బాబూ, రెండు మెసేజ్‌లు వచ్చాయి. రెండు టర్ములదీ ఒకేసారి కట్టాలా? ఒకదానికే తెచ్చాను" అన్నారు. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఒక్కటే టర్మ్ అని నచ్చజెప్పి, రసీదు ఇప్పించి పంపాను. మాకు ఒక మెసేజ్ ఎక్కువ వెళ్లడం చిన్న బగ్. ఆయనకు అది ఇంకో అప్పు.

మొదట ఎస్‌ఎంఎస్ పంపే కంపెనీ వాళ్లను అనుమానించాం. "మీ దగ్గరి నుంచే ప్రతి నంబరుకూ రెండు రిక్వెస్టులు వచ్చాయి సార్" అన్నారు. తర్వాత మా కోడ్. షెడ్యూలర్ రెండుసార్లు మొదలవుతోందేమోనని ఆ క్లాసు మొత్తం చదివాం. తప్పు ఏమీ కనబడలేదు. అప్లికేషన్ లాగ్‌లో మాత్రం 'రిమైండర్ జాబ్ మొదలైంది' అనే లైను ఉదయం 7:00:00కి రెండుసార్లు ఉంది. ఒకే సెకను. రెండూ బాకీల జాబితాను ఒకేసారి చదివాయి కాబట్టి 'పంపాం' అనే గుర్తు పడేలోపే ఇద్దరూ పంపేశారు.

ఇద్దరూ అనే మాట అప్పుడే నోట్లోంచి వచ్చింది. ఎవరా రెండో మనిషి?

మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో ప్రాసెస్‌లిస్ట్, అంటే ఆ క్షణాన ఉన్న కనెక్షన్ల జాబితా, చూశాను. మా కనెక్షన్ పూల్ (డేటాబేస్‌కు ముందే తెరిచి ఉంచే కనెక్షన్ల గుంపు) అప్లికేషన్ లోపలే తయారవుతుంది, సైజు కచ్చితంగా 20. ఆ లిస్టులో మా యూజర్ పేరు మీద 40 కనెక్షన్లు ఉన్నాయి. ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. సరిగ్గా రెట్టింపు. అక్కడ విషయం సగం అర్థమైంది. బ్రౌజర్ తెరిచి, మేము తీసేశామనుకున్న పాత చిరునామా '/ఫీజు' కొట్టాను. లాగిన్ పేజీ నవ్వుతూ వచ్చేసింది.

జరిగింది ఇదీ. సర్వర్.ఎక్స్ఎంఎల్‌లో మేము రాసిన లైను ప్రకారం టామ్‌క్యాట్ ఖాళీ పాత్ మీద ఒక కాపీ లేపింది. ఆ తర్వాత, ఫోల్డర్‌లో కనబడిన అప్లికేషన్‌ను తనంతట తానే లేపే ఆటో డిప్లాయ్ తన అలవాటు ప్రకారం వెబ్‌యాప్స్ ఫోల్డర్ చూసింది. అక్కడ 'ఫీజు' ఉంది, ఆ పేరుతో ఇంకా ఏదీ నడవడం లేదు. దాంతో '/ఫీజు' మీద రెండో కాపీ లేపింది. కోడ్ ఒకటే, ప్రాణాలు రెండు. మెమరీ వేరు, సెషన్లు వేరు, పూల్ వేరు, షెడ్యూలర్ వేరు. పాత బుక్‌మార్క్ ఉన్నవాళ్లు రెండో కాపీకి వెళ్తున్నారు. మేడమ్ ఫైన్ మార్చింది మొదటి కాపీలో. రెండోది తన క్యాష్‌లో ఉన్న పాత మొత్తమే చూపిస్తోంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తర్వాత వెళ్లి ఆవిడకు ఆ మాట చెప్పాను కూడా.

టామ్‌క్యాట్ డాక్యుమెంటేషన్‌లో ఈ హెచ్చరిక ఉంది. డాక్‌బేస్ వెబ్‌యాప్స్ లోపల ఉండి, ఆటో డిప్లాయ్, స్టార్టప్ డిప్లాయ్ (టామ్‌క్యాట్ మొదలైనప్పుడు అదే పని చేసేది) రెండూ ఆపకుండా పాత్ రాస్తే డబుల్ డిప్లాయ్ (ఒకే అప్లికేషన్ రెండుసార్లు లేవడం) అయ్యే అవకాశం ఎక్కువని స్పష్టంగానే రాశారు. కాంటెక్స్ట్ ట్యాగ్‌ను సర్వర్.ఎక్స్ఎంఎల్‌లో పెట్టవద్దనీ, ఆ ఫైలు మారిస్తే మొత్తం రీస్టార్ట్ చేయక తప్పదనీ చెబుతారు. చదవని తప్పు మాదే. కానీ నా బాధ ఒకటుంది. ఇంత తేలిగ్గా జరిగే తప్పు ఇంత నిశ్శబ్దంగా జరిగిపోకూడదు. ఒకే ఫోల్డర్ రెండు పాత్‌ల మీద లేస్తోందని ఆ రోజు మా లాగ్‌లో ఒక్క వార్నింగ్ లైను ఉంటే, ఆ పెద్దాయన మొదటి బస్సు ఎక్కేవారు కాదు.

సరిచేయడానికి పావుగంట కూడా పట్టలేదు. సర్వర్.ఎక్స్ఎంఎల్‌లో రాసిన లైను తీసేశాం. వార్ ఫైల్‌ను వెబ్‌యాప్స్ నుంచి బయటకు, వేరే ఫోల్డర్‌కు మార్చాం. టామ్‌క్యాట్‌తో పాటు వచ్చే పాత రూట్ ఫోల్డర్ కూడా తొలగించాం. కాటలీనా, లోకల్‌హోస్ట్ కింద రూట్.ఎక్స్ఎంఎల్ పెట్టి డాక్‌బేస్ రాశాం. రీస్టార్ట్ అయ్యాక '/ఫీజు' కొడితే 404 (పేజీ లేదు అనే జవాబు) వచ్చింది. ప్రాసెస్‌లిస్ట్‌లో 20. ఒక 404 చూసి అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. పాత బుక్‌మార్క్‌ల వాళ్ల కోసం టామ్‌క్యాట్ ముందు ఉండి రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఒక రీడైరెక్ట్ పెట్టాం.

ఆ రోజు నుంచి మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఏ వార్ ఫైలూ వెబ్‌యాప్స్‌లో ఉండకూడదు. అన్నీ బయటే. పాత్ ఒక్క ఎక్స్ఎంఎల్ పేరు నుంచే రావాలి.

హాస్టల్ అప్లికేషన్ దగ్గర ఇంకో పాఠం తగిలింది గానీ అది త్వరగానే తేలింది. బయట ఎన్‌జిన్‌ఎక్స్‌లో '/హాస్టల్', లోపల టామ్‌క్యాట్‌లో '/హాస్టల్‌యాప్' అని పెట్టాం. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నారు, మళ్లీ లాగిన్ పేజీకే వస్తున్నారు. టామ్‌క్యాట్ సెషన్ కుకీని (లాగిన్ అయ్యారని గుర్తుగా బ్రౌజర్‌కు ఇచ్చే చీటీని) తన పాత్‌కే, అంటే '/హాస్టల్‌యాప్'కే కట్టేసి పంపుతుంది. బ్రౌజర్‌కు తెలిసింది '/హాస్టల్' మాత్రమే. కాబట్టి ఆ కుకీని తిరిగి పంపదు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో కుకీ పాత్ మార్చే డైరెక్టివ్ ఉంది, టామ్‌క్యాట్ కాంటెక్స్ట్‌లో సెషన్ కుకీ పాత్ అనే సెట్టింగ్ కూడా ఉంది. మేము రెండూ వాడలేదు. ఎక్స్ఎంఎల్ ఫైలు పేరు మార్చి లోపలా '/హాస్టల్' చేసేశాం. కోడ్‌లో ఎక్కడా పాత్ చేతితో రాయకుండా కాంటెక్స్ట్ పాత్‌ను రిక్వెస్ట్ నుంచే తీసుకోవడం మాకు మొదటి నుంచీ అలవాటు. అందుకే ఒక పేజీ కూడా మార్చాల్సిన పని పడలేదు. ఫైలు పేరు మారిస్తే ఇల్లు మారినట్టే, సామాను సర్దక్కర్లేదు.

పైన అంత మెచ్చుకున్నాను గానీ, కొన్ని చోట్ల చేయి కాలింది. పెద్ద, చిన్న అక్షరాల తేడా టామ్‌క్యాట్ గట్టిగా పాటిస్తుంది. 'రూట్' పేరులో మొదటి అక్షరం ఒక్కటే పెద్దది పెడితే ఆ పేరుతోనే ఒక పాత్ తయారవుతుంది గానీ డొమైన్ మీద రాదు. హ్యాష్ గుర్తు ఫైలు సిస్టమ్‌లో బాగానే ఉంటుంది. ఆ వార్ ఫైల్‌ను బిల్డ్ సర్వర్ నుంచి యూఆర్‌ఎల్ ద్వారా దించుకోవాలంటే మాత్రం హ్యాష్ తర్వాతిదంతా తెగిపోతుంది, దాన్ని %23 అని రాయాలి. అందుకే హ్యాష్‌ను వార్ పేరులో పెట్టం, ఎక్స్ఎంఎల్ పేరులోనే పెడతాం. వార్ లోపల మెటా-ఇన్ఫ్ ఫోల్డర్‌లో ఉండే కాంటెక్స్ట్.ఎక్స్ఎంఎల్‌లో పాత్ రాస్తే కూడా లెక్కలోకి రాదు. దాని మీద ఒక మధ్యాహ్నం పోయింది నాకు.

రెండు హ్యాష్‌లు పెట్టి వెర్షన్ నంబరు ఇవ్వడం ఏడో వెర్షన్ నుంచీ ఉంది. 'హాజరు##002' పెడితే కొత్తగా వచ్చేవాళ్లు కొత్త వెర్షన్‌కు వెళ్తారు, అప్పటికే లాగిన్ అయినవాళ్లు పాతదాంట్లోనే పని ముగించుకుంటారు. మధ్యాహ్నం పూట కూడా ఎవరికీ అంతరాయం లేకుండా అప్‌డేట్ చేయవచ్చు. చాలా మంచి సదుపాయం. నంబర్లను అక్షరాల్లా పోల్చుతుంది కాబట్టి ముందు సున్నాలు పెట్టాలి. లేకపోతే 10 కంటే 9 కొత్తదవుతుంది. కాకపోతే దీన్ని హాజరు అప్లికేషన్‌కే వాడతాను. పాత వెర్షన్ ఉన్నంతసేపూ దాని షెడ్యూలర్ కూడా నడుస్తూనే ఉంటుంది కదా. ఇప్పుడు ఫీజు జాబ్‌కు డేటాబేస్‌లో లాక్ పెట్టాం, ఒక్కరే పంపగలరు. అయినా ఫీజుకు దీన్ని వాడటానికి నాకు చేయి రాదు.

మీకు ఇదంతా అవసరమా అంటే, మీ పని తీరును బట్టి ఉంటుంది. ఒక్కో అప్లికేషన్‌ను స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌తో, లోపలే ఉన్న టామ్‌క్యాట్‌తో నడిపేవాళ్లకు ప్రాపర్టీస్ ఫైల్‌లో కాంటెక్స్ట్ పాత్ అని ఒక్క లైను చాలు. ఈ ఫోల్డర్లు, హ్యాష్‌లు వాళ్లకు ఎదురే రావు. మాలాగా ఒకే సర్వర్, నాలుగైదు వార్ ఫైళ్లు, ముగ్గురు మనుషులు ఉన్నచోట మాత్రం నాకు ఇంతకంటే తేలికైన పద్ధతి కనబడలేదు. 8.5కు సపోర్ట్ 2024 మార్చిలో ముగుస్తుందని తెలిసి 9కి మారినప్పుడు, పాత సర్వర్ నుంచి ఆ లోకల్‌హోస్ట్ ఫోల్డర్‌లోని ఐదు చిన్న ఫైళ్లు కాపీ చేసుకున్నాం. సర్వర్.ఎక్స్ఎంఎల్‌లో పోర్టులు తప్ప ఏమీ మార్చలేదు. అన్ని చిరునామాలూ మొదటిసారికే వచ్చాయి. పదో వెర్షన్‌కు వెళ్లాలంటే కోడ్‌లోని జావాఎక్స్ ప్యాకేజీల పేర్లను జకార్తా అని మార్చాలి. ఆ పని వేసవి సెలవుల్లో పెట్టుకున్నాం, పిల్లలు ఇళ్లకు వెళ్లాక.