రింగర్ లాక్టేట్: ఆపరేషన్ థియేటర్‌లో నేను ముందు అందుకునే సీసా

వాడుకలో ఏ ద్రవం ఎక్కించినా సెలైనే అంటాము గానీ, ఆపరేషన్ బల్ల పక్కన ఏ సీసా వేలాడాలన్నది మత్తు వైద్యులు ఆలోచించి తేల్చుకోవలసిన విషయం. రోజువారీ శస్త్రచికిత్సలకు నేను ఎంచుకునేది ఆర్‌ఎల్, అంటే రింగర్ లాక్టేట్.

నార్మల్ సెలైన్‌లో పేరుకు తగ్గ నార్మల్ ఏమీ లేదు. లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిసిన ఆ ద్రవంలో క్లోరైడ్ 154 మిల్లీమోళ్లు ఉంటే, మన రక్తంలో అది 100 దరిదాపుల్లోనే ఉంటుంది. అందువల్ల రెండు మూడు లీటర్లు వేగంగా ఎక్కిస్తే రక్తంలో ఆమ్లత పెరుగుతుంది. ఆర్‌ఎల్‌లో క్లోరైడ్ 110కి అటూ ఇటూగా ఉంటుంది, పైగా అందులోని లాక్టేట్‌ను కాలేయం ప్రధానంగా బైకార్బొనేట్‌గా మారుస్తుంది. బ్రిటిష్ వైద్యుడు సిడ్నీ రింగర్ తయారుచేసిన ద్రావణానికి 1930లలో అమెరికా పిల్లల వైద్యుడు అలెక్సిస్ హార్ట్‌మన్ లాక్టేట్ చేర్చింది కూడా పిల్లల్లో ఆమ్లతను సరిదిద్దడానికే.

కిడ్నీ రోగికి ఆర్‌ఎల్ పెడితే పొటాషియం పెరుగుతుందన్న భయం మాత్రం ఇంకా పోలేదు. అందులో ఉన్నది లీటరుకు 4 మిల్లీమోళ్లే. 5 ఉన్న రక్తంలో 4 ఉన్న ద్రవం కలిపితే 6 కావడం ఏ లెక్కకూ అందదు. 2005లో ప్రచురితమైన కిడ్నీ మార్పిడి అధ్యయనంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగింది సెలైన్ ఎక్కించిన వారిలోనే.

అలాగని ఆర్‌ఎల్ అందరికీ సరైనదని కాదు. రక్తం కన్నా కాస్త పలుచన కాబట్టి తలకు గాయమైనవారికి సెలైనే మేలు. వాంతులతో క్లోరైడ్ కోల్పోయినవారికీ అంతే. ఇందులో కాల్షియం ఉన్నందున రక్తం ఎక్కించే గొట్టంలోనే దీన్ని పంపకూడదు. ప్లాస్మాలైట్ అనే మరో ద్రవంలో కాల్షియం లేదు, కూర్పు రక్తానికి ఇంకా దగ్గర, కానీ ఖరీదెక్కువ. ఐసీయూ రోగులపై 2021, 2022లలో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాల్లో దానికీ సెలైన్‌కూ మధ్య మరణాల్లో స్పష్టమైన తేడా కనబడలేదు కనుక, అంత ఖర్చు పెట్టించడానికి నాకు మనసొప్పదు.

ఎంత ఎక్కించాలన్నదీ ఎంపికలో భాగమే. పెద్ద కడుపు ఆపరేషన్లపై 2018లో వచ్చిన రిలీఫ్ అధ్యయనంలో, ద్రవాన్ని మరీ బిగబట్టి ఇచ్చినవారిలో 8.6 శాతం మందికి కిడ్నీలు దెబ్బతింటే, ధారాళంగా ఇచ్చినవారిలో అది 5 శాతమే. పొదుపు మంచిదని అప్పటిదాకా నమ్మిన నాలాంటివారు చేయి కాస్త సడలించారు.

సీసాపై నాకున్న ఫిర్యాదు ఒక్కటే: గట్టి ప్లాస్టిక్ సీసా అయితే ధార సాఫీగా దిగడానికి గాలి సూది గుచ్చవలసి వస్తుంది, మెత్తని సంచికి ఆ బెడద లేదు.